ప్రశ్నలు – జవాబులు: కణం వంటింట్లో వైరస్ పెత్తనం

వైరస్ సోకిన కణంలో జీవక్రియ, సంకేతాల గురించి పాఠకులు అడిగినవాటికి ఈసారి జవాబులు. ఉత్తరాల్లో సగానికి పైగా ల్యాబుల్లో పనిచేసేవారివే. అందుకని కొలతలు కాస్త ఎక్కువ కనిపిస్తాయి, ఓపిక పట్టండి.

ప్రశ్న: వైరస్‌కు తిండీ శ్వాసా జీవక్రియా ఏవీ లేవని క్లాసులో చెబుతాం. మరి వైరస్‌లూ జీవక్రియా అంటూ జరిగే పరిశోధన దేని మీద జరుగుతున్నట్టు? – జువాలజీ అధ్యాపకురాలు

జవాబు: మీ పాఠంలో తప్పేమీ లేదండీ. కణం బయట ఉన్నంతసేపూ వైరస్ ఒక మూట, అంతే. ఏటీపీ అణువు ఒక్కటి కూడా సొంతంగా చేసుకోలేదు. చిక్కంతా లోపలికి దిగాక మొదలవుతుంది. కొన్ని గంటల్లో వందలు, వేలుగా పిల్ల వైరస్‌లు తయారుకావాలి. వాటికి న్యూక్లియోటైడ్లు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ఇటుకలు) కావాలి, అమైనో ఆమ్లాలు కావాలి, పైపొర ఉన్న జాతి అయితే కొవ్వులూ కావాలి. ఈ సరుకంతా కణం కొట్లోంచే రావాలి. కణం తన మామూలు నడకలో పోతుంటే అది చాలదు. అందుకే ఏ దారిలో ఎంత సరుకు నడవాలో వైరస్ ప్రోటీన్లు మార్చేస్తాయి. పరిశోధన ఆ మార్పు మీదే.

ఇది పాత ప్రశ్నే. 1956లో హ్యారీ ఈగిల్, కార్ల్ హేబెల్ అనే శాస్త్రవేత్తలు, ల్యాబులో పెంచే హెలా అనే మానవ కణాల మీడియంలోంచి (కణాలను పెంచే పోషక ద్రవంలోంచి) ఒక్కో పదార్థాన్నీ తీసేస్తూ పోలియో వైరస్ ఎలా పెరుగుతుందో చూశారు. చాలావరకు అమైనో ఆమ్లాలు, విటమిన్లు లేకపోయినా వైరస్ పుట్టింది. గ్లూకోజు, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం ఉండి తీరాలని తేలింది.

అన్ని వైరస్‌లకూ ఒకే వంట నచ్చదన్నది తర్వాత బయటపడిన సంగతి. మానవ సైటోమెగాలోవైరస్ సోకితే కణం గ్లూకోజును విపరీతంగా లాగుతుంది, ఆ కార్బన్‌లో చాలా భాగం కొవ్వు ఆమ్లాల తయారీకి మళ్లుతుంది. కణం శక్తి తీసుకునే సిట్రిక్ ఆమ్ల చక్రంలో దానివల్ల పడే గండిని గ్లుటమిన్ పూడుస్తుంది. అదే హెర్పిస్ కుటుంబంలోని హెర్పిస్ సింప్లెక్స్-1 పద్ధతి వేరు. దాని మొగ్గు ఒక రకం న్యూక్లియోటైడ్లైన పిరిమిడిన్ల వైపు. వాక్సీనియా వైరస్‌కు గ్లూకోజు తీసేసినా పెద్దగా పట్టదు, గ్లుటమిన్ తీసేస్తే మాత్రం దిగుబడి పడిపోతుంది. కాబట్టి "వైరస్ సోకితే గ్లైకాలిసిస్ (గ్లూకోజును విరగ్గొట్టే ప్రక్రియ) పెరుగుతుంది" అని నోట్సులో ఒక్క వాక్యం రాయించి వదిలేయకండి. ఏ వైరస్, ఏ కణం, సోకి ఎన్ని గంటలైంది అన్నవి ఆ వాక్యంలో ఉండాల్సిందే.

పిల్లలకు చెప్పడానికి బాగుండే ఉదాహరణ సముద్రంలో ఉంది. సయనోబాక్టీరియాను పట్టే కొన్ని ఫేజ్‌లు (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లు) కిరణజన్య సంయోగక్రియకు అవసరమైన పీఎస్‌బీఏ జన్యువును వెంట తెచ్చుకుంటాయి. ఈ జన్యువు చేసే డీ1 ప్రోటీను వెలుతురుకు త్వరగా అరిగిపోతుంది. ఆతిథ్యమిచ్చిన కణం కొత్తది చేయడం మానేసినా, ఫేజ్ తన ప్రతిలోంచి చేయించుకుంటూ కణం పగిలేదాకా శక్తి ఉత్పత్తి ఆగకుండా చూసుకుంటుంది. అద్దెకు దిగినవాడు పొయ్యి బాగుచేయించుకుని మరీ వండుకున్నట్టు.

ప్రశ్న: వైరస్‌లు ఇన్సులిన్ సంకేతాల దారినే ఎందుకు పట్టుకుంటాయి? ర్యాపమైసిన్ (ఎంటార్ అనే ప్రోటీనును అడ్డుకునే మందు) ఇస్తే కొన్ని ఆగుతాయి, కొన్ని ఆగవు. ఎందుకని? – ఎం.ఎస్‌సీ. విద్యార్థి

జవాబు: ముందు దారి చూద్దాం. ఇన్సులిన్ తన గ్రాహకాన్ని తాకగానే పీఐ3 కైనేజ్ (కైనేజ్ అంటే ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) కణపొరలోని పిప్2 అనే కొవ్వుకు ఫాస్ఫేటు తగిలించి పిప్3గా మారుస్తుంది. ఏకేటీ అనే మరో కైనేజ్ వచ్చి దాని మీద వాలుతుంది. 308వ స్థానంలోని థ్రియోనిన్ మీద పీడీకే1, 473వ స్థానంలోని సెరిన్ మీద ఎంటార్‌సీ2 ఫాస్ఫేటు పెడితే ఏకేటీ పూర్తిగా మేలుకుంటుంది. మేలుకున్నది టీఎస్‌సీ2 అనే కాపలాదారును తప్పిస్తుంది. అప్పుడు రెబ్ అనే ప్రోటీను ద్వారా ఎంటార్‌సీ1 (ఎంటార్ కైనేజ్ ఉండే రెండు ప్రోటీను గుంపుల్లో ఒకటి, రెండోది పైన చెప్పిన ఎంటార్‌సీ2) లేస్తుంది. ఎంటార్‌సీ1 మాట ఒక్కటే: తిండి ఉంది, కట్టండి. ప్రోటీన్లు, కొవ్వులు, పిరిమిడిన్ల తయారీ ఊపందుకుంటుంది. దీనికి ఎదురుగా కూర్చున్నది ఏఎంపీకే అనే కైనేజ్. ఏటీపీ తగ్గి ఏఎంపీ పెరిగితే 172వ థ్రియోనిన్ మీద ఫాస్ఫేటు పడి ఇది లేస్తుంది, ఖర్చులన్నీ ఆపిస్తుంది.

వైరస్‌కు కావలసిన సరుకంతా ఈ ఒక్క దారి కింద ఉంది కాబట్టి ఒక్క మర తిప్పితే చాలు. ఏ మర తిప్పుతుందన్నది వైరస్‌ను బట్టి. ఇన్‌ఫ్లుయెంజా ఎన్ఎస్1 ప్రోటీను పీఐ3 కైనేజ్‌లోని పీ85 బీటా ముక్కను పట్టుకుంటుంది. సైటోమెగాలోవైరస్ యూఎల్38 ప్రోటీను ఇంకా కిందికి దిగి టీఎస్‌సీ2నే కట్టేస్తుంది, కాబట్టి పైన ఇన్సులిన్ ఉన్నా లేకున్నా ఎంటార్‌సీ1 మేలుకునే ఉంటుంది. అడినోవైరస్ ఈ4ఓఆర్ఎఫ్1 మిక్ అనే జన్యు నియంత్రకంతో చేతులు కలిపి గ్లైకాలిసిస్ ఎంజైముల ఉత్పత్తిని పెంచుతుంది.

ర్యాపమైసిన్ సంగతికి వస్తే, మందు పనితీరులోనే మెలిక ఉంది. ఈస్టర్ దీవి మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఈ అణువు ఎంటార్‌సీ1ను పూర్తిగా మూయదు. దాని కింద పనిచేసేవాటిలో ఎస్6 కైనేజ్ పనిని గట్టిగా ఆపుతుంది, ప్రోటీన్ల తయారీకి కళ్లెం వేసే 4ఈ-బీపీ1 మీద మాత్రం చాలా కణాల్లో దాని ప్రభావం అరకొరే. టోరిన్1 లాంటి మందులు ఎంటార్ కైనేజ్ మడతలోకే దూరతాయి కాబట్టి రెండూ ఆగుతాయి, పైగా ఎంటార్‌సీ2 కూడా ఆగుతుంది. ర్యాపమైసిన్‌కు లొంగలేదని "ఈ వైరస్‌కు ఎంటార్‌తో పనిలేదు" అని రాసేస్తే తప్పులో కాలేసినట్టే. సైటోమెగాలోవైరస్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే: ర్యాపమైసిన్‌కు పెద్దగా జంకలేదు, టోరిన్1కు కుదేలైంది. ఇక పోలియో వైరస్‌ది మరో రకం. దాని 2ఏ ప్రోటియేజ్ ప్రోటీన్ల తయారీ మొదలుపెట్టే ఈఐఎఫ్4జీని కోసేస్తుంది, ఆర్‌ఎన్‌ఏ మొదట్లో టోపీ (క్యాప్ అనే రసాయన గుర్తు) లేకపోయినా రైబోజోమును నేరుగా లోపలికి దింపుకోగలదు. 4ఈ-బీపీ1 ఏ స్థితిలో ఉంటే దానికేం?

చేసి చూడాలంటే 20 నానోమోలార్ ర్యాపమైసిన్, 250 నానోమోలార్ టోరిన్1 పక్కపక్కన పెట్టండి. ఎస్6 కైనేజ్ 389వ థ్రియోనిన్ బ్లాట్‌తోపాటు (జెల్‌లో విడదీసిన ప్రోటీనును యాంటీబాడీతో చూసే పరీక్షే బ్లాట్) 4ఈ-బీపీ1 మొత్తం ప్రోటీన్ బ్లాట్ కూడా తీయండి. ఇది ఫాస్ఫేటు భారాన్ని బట్టి మూడు బ్యాండ్లుగా విడిపోతుంది. మందు నిజంగా పనిచేస్తే పై బ్యాండు కరిగి కింది బ్యాండు ముదురుతుంది. 15 శాతం జెల్ వాడండి, 10 శాతంలో మూడూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ప్రశ్న: వైరస్ సోకిన కణాల్లో ఫాస్ఫో-ఏకేటీ (ఫాస్ఫేటు తగిలిన ఏకేటీ) చూడాలని మూడుసార్లు బ్లాట్ చేశాను. ఒకసారి ఖాళీ, ఒకసారి మాక్‌లో (వైరస్ కలపని పోలిక కణాల్లో) కూడా ముదురు బ్యాండు, ఒకసారి మెంబ్రేన్ అంతా నలుపు. మొత్తం ఏకేటీ మాత్రం మూడుసార్లూ చక్కగా వచ్చింది. – పరిశోధక విద్యార్థిని

జవాబు: మూడు ఫలితాలకూ మూడు వేరు కారణాలు. మొత్తం ఏకేటీ బాగుందంటే మీ జెల్, ట్రాన్స్‌ఫర్ రెండూ బాగున్నట్టే. వాటి జోలికి పోకండి.

ఖాళీ బ్లాట్‌కు మొదటి అనుమానం ఫాస్ఫటేజ్‌ల మీద. కణం పగిలిన క్షణం నుంచి అవి ఫాస్ఫేట్లను కోస్తూనే ఉంటాయి. లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) సోడియం ఫ్లోరైడ్ 50 మిల్లీమోలార్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, సోడియం ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్ ఉండాలి. ప్లేటును మంచు మీద పెట్టి, చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంతో ఒక్కసారి కడిగి, ఆరు గుంటల ప్లేటైతే గుంటకు 120 మైక్రోలీటర్ల బఫర్ పోసి గీకేయండి. ఆరు గుంటలూ కడిగాక బఫర్ పోయడం కాదు, ఒక గుంట పూర్తిచేశాక రెండోది. 4 డిగ్రీల దగ్గర 14,000 జీ వేగంతో 10 నిమిషాలు తిప్పి, పైతేటను వెంటనే శాంపిల్ బఫర్‌లో కలిపి మరిగించండి. "రేపు చేద్దాం" అని ఉత్త లైసేట్‌ను ఫ్రిజ్‌లో పెడితే రేపటికి ఫాస్ఫేటు మిగలదు.

ఆర్థోవనడేట్ దగ్గర చాలామంది పొరపడతారు. పొడిని నీళ్లలో కలిపి నేరుగా వాడితే అందులో కొంత భాగం అణువులు గుంపుకట్టి ఉంటాయి, టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ను అవి ఆపలేవు. విడగొట్టాలి. 1.84 గ్రాముల పొడిని 45 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 10కి తెండి. ద్రావణం పసుపుపచ్చగా తిరుగుతుంది. గుంపుకట్టిన వనడేట్ రంగు అదే. రంగు పూర్తిగా పోయేదాకా మరిగించండి, చల్లార్చండి, పీహెచ్ మళ్లీ చూడండి. మారి ఉంటుంది. మళ్లీ 10కి తెస్తే మళ్లీ పసుపు తేలవచ్చు, మళ్లీ మరిగించాలి. పీహెచ్ 10 దగ్గర నీళ్లలా రంగు లేకుండా నిలిచేదాకా ఇదే తంతు. చివరికి 50 మిల్లీలీటర్లకు నింపితే 200 మిల్లీమోలార్ స్టాకు వస్తుంది. చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో దాచండి. 10 మిల్లీలీటర్ల బఫర్‌కు 50 మైక్రోలీటర్లు చాలు, అదీ వాడే పూట కలుపుకోవాలి. అదే బఫర్‌లో ఈడీటీఏ, డీటీటీ అనే రసాయనాలు ఉంటే వనడేట్ బలం చచ్చిపోతుంది. ఎవరో ఇచ్చిన పాత రెసిపీలో ఈ మూడూ కలిసి ఉండటం మామూలే. విషపదార్థం, గ్లవ్స్ మరవకండి.

మాక్‌లో ముదురు బ్యాండు రావడానికి కారణం సీరం. సీరంలో ఇన్సులిన్, పెరుగుదల కారకాలు ఉంటాయి. వైరస్ కలిపే ముందు సీరం లేని మీడియంలో 4 నుంచి 16 గంటలు ఉంచండి. ఎంతసేపు తట్టుకుంటాయో మీ కణాలే చెబుతాయి. ఇంతకంటే ముఖ్యం: కొత్త మీడియం పోయడమే ఏకేటీని, ఈఆర్‌కే అనే మరో సంకేత కైనేజ్‌ని కొన్ని నిమిషాలపాటు లేపుతుంది. వైరస్ గుంటకు మీడియం ఎన్నిసార్లు మార్చారో, ఎన్నిసార్లు ఇంక్యుబేటర్ బయటికి తెచ్చారో మాక్ గుంటకూ అన్నిసార్లూ అదే నిమిషానికి చేయాలి. సోకిన 10వ, 30వ నిమిషాల్లో కనిపించే సంకేతాల్లో కొన్ని వైరస్‌వి కావు, మీ పైపెట్‌వి. అల్ట్రావయొలెట్‌తో చంపిన వైరస్‌ను మూడో గుంటలో పెడితే ఇంకో విషయం తేలుతుంది. అక్కడా ఏకేటీ లేస్తే అది కణాన్ని తాకడం, లోపలికి దూరడం వల్ల వచ్చిన సంకేతం. జన్యువులు పనిచేస్తేనే లేచేది వేరు.

అంతా నలుపు రావడం పాలపొడి పని కావచ్చు. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి, కొన్ని ఫాస్ఫో-యాంటీబాడీలు దాన్నీ పట్టుకుంటాయి. టీబీఎస్‌టీ బఫర్‌లో 5 శాతం బీఎస్‌ఏతో (ఆవు సీరం ఆల్బుమిన్‌తో) బ్లాక్ చేసి, యాంటీబాడీని కూడా అందులోనే కలపండి. పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి జెల్‌లో రెండు వరసలు ఎప్పుడూ ఉండాలి: 100 నానోమోలార్ ఇన్సులిన్ 10 నిమిషాలు ఇచ్చిన కణాలు ఒకటి, దానికి ముందు పీఐ3 కైనేజ్ నిరోధకం ఇచ్చినవి ఒకటి. ఇవి సరిగా రాని రోజు వైరస్ వరసలను చూడటమే అనవసరం.

ప్రశ్న: చక్కెర, తీపి మానేస్తే వైరస్‌కు తిండి దొరకక జ్వరం త్వరగా తగ్గుతుందంటున్నారు. నిజమేనా? – ఒక గృహిణి

జవాబు: కాదండీ. మీరు తిన్నా తినకున్నా రక్తంలో గ్లూకోజును కాలేయం నిలబెడుతూనే ఉంటుంది. వైరస్ దాక్కున్న కణానికి అది అందుతూనే ఉంటుంది. 2016లో వెలువడిన ఎలుకల ప్రయోగం ఒకటి దీనికి తగిన జవాబు: ఇన్‌ఫ్లుయెంజా సోకిన ఎలుకల్లో గ్లూకోజు వాడకాన్ని అడ్డుకుంటే చావులు పెరిగాయి, వైరస్ లెక్క మాత్రం పెద్దగా మారలేదు. లిస్టీరియా బ్యాక్టీరియా సోకినవాటిలో మాత్రం తిండి పెట్టడమే చేటు చేసింది. ఎలుకల్లోనే రోగానికో తీరుంటే, అందరికీ ఒకే పథ్యం చెప్పేవారి మాట నమ్మడమెలా? మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులో ఉంచుకోవడం వేరే సంగతి, అది డాక్టరు చెప్పినట్టే చేయాలి.

ప్రశ్న: ఎంఓఐ 1తో వైరస్ కలిపాం. లాక్టేటు (గ్లైకాలిసిస్ చివర వెలువడే పదార్థం) రెండింతలకు కాస్త పైగా పెరిగింది. ఇంకో ల్యాబు అదే వైరస్‌తో మూడింతలు అంటోంది. ఎవరిది తప్పు? – పరిశోధక విద్యార్థి

జవాబు: ఇద్దరిదీ ఒప్పే కావచ్చు. ఎంఓఐ 1 అంటే కణానికొక వైరస్ అని కాదు, సగటున ఒకటి అని. వాన చినుకులు గచ్చు మీది పలకలన్నిటి మీదా సమానంగా పడవు కదా! పాయిజాన్ లెక్క ప్రకారం ఎంఓఐ 1 దగ్గర 37 శాతం కణాలకు ఒక్క వైరసూ తగలదు. ఎంఓఐ 3 దగ్గర 5 శాతం, 5 దగ్గర 0.7 శాతం మిగులుతాయి. సోకిన కణం నిజంగా మూడింతల లాక్టేటు వదులుతోందనుకోండి. ఎంఓఐ 1 దగ్గర మీకు కనిపించేది 0.37 × 1 + 0.63 × 3, అంటే దాదాపు 2.26 రెట్లు. ఎంఓఐ 0.1 అయితే తొలి చక్రంలో 1.19 రెట్లే, అది కొలత పొరపాట్లలో కలిసిపోతుంది. జీవక్రియ కొలతలకు 3 నుంచి 5 వరకు వాడండి, సోకిన కణాల శాతాన్ని వైరస్ ప్రోటీన్ యాంటీబాడీతో విడిగా లెక్కించండి.

అసలు మీ స్టాకు బలం ఎంతో సరిగా తెలుసా? ప్లాక్ పరీక్షలో (వైరస్ చంపిన కణాల మచ్చలను లెక్కపెట్టే పరీక్షలో) ఎక్కువ తప్పులు పలుచన చేసేచోటే జరుగుతాయి. 900 మైక్రోలీటర్ల మీడియంలో 100 వేసి కలిపాక టిప్ మార్చాలి. మార్చకపోతే టిప్ గోడకు అంటిన వైరస్ కింది ట్యూబులన్నిటిలోకీ వెళ్లి స్టాకు ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది. ఆరు గుంటల ప్లేటులో గుంటకు 200 మైక్రోలీటర్లు పోసి గంటసేపు ఉంచండి, 10–15 నిమిషాలకోసారి ప్లేటును వంచకపోతే మధ్యలో కణాలు ఎండి, అదే ప్లాక్‌లా కనిపిస్తుంది. అగరోజ్ 42 డిగ్రీలకు చల్లారాకే పోయండి. లెక్కించేందుకు 20 నుంచి 100 ప్లాకులున్న గుంటలే తీసుకోండి. 10⁻⁵ పలుచనలో 0.2 మిల్లీలీటర్లకు 42 ప్లాకులు వస్తే స్టాకులో మిల్లీలీటరుకు 2 కోట్ల 10 లక్షల పీఎఫ్‌యూ (ప్లాకు చేయగల వైరస్‌లు) ఉన్నట్టు. 5 లక్షల కణాలకు ఎంఓఐ 5 కావాలంటే 25 లక్షల పీఎఫ్‌యూ, అంటే 119 మైక్రోలీటర్లు.

ఆ 119 మైక్రోలీటర్లలో వైరస్ ఒక్కటే లేదన్నది అసలు తిరకాసు. చస్తున్న కణాలు వదిలిన లాక్టేటు, ఇంటర్‌ఫెరాన్, సైటోకైన్లు లాంటి రక్షణ సంకేతాలు అన్నీ అందులోనే ఉంటాయి. మాక్‌కు కొత్త మీడియం పోసి, వైరస్ గుంటకు ఈ ఎంగిలి మీడియం పోస్తే తేడా కనిపించక ఏం చేస్తుంది? వైరస్ సోకని కణాలను అన్నే రోజులు పెంచి, ఆ మీడియంనే మాక్‌కు వాడండి. ఇంకా మంచిది, స్టాకును 20 శాతం సుక్రోజ్ దిండు మీదుగా అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో దింపి, అడుగున చేరిన వైరస్‌ను మాత్రమే తీసుకోవడం.

ప్రశ్న: 2-డీఆక్సీగ్లూకోజ్ ఇస్తే మా వైరస్ దిగుబడి వంద రెట్లు తగ్గింది. వైరస్‌కు గ్లైకాలిసిస్ అవసరమని తేల్చవచ్చా? – పరిశోధక విద్యార్థిని

జవాబు: ఇంకా తేల్చలేరు. మీ వైరస్‌కు పైపొర ఉంటే అసలే తేల్చలేరు. ఈ అణువుకు రెండు ముఖాలున్నాయి. గ్లూకోజులా హెక్సోకైనేజ్ దగ్గరికి వెళ్లి ఫాస్ఫేటు తగిలించుకుని అక్కడే ఇరుక్కోవడం ఒకటి. మానోజ్‌లా నటించి ప్రోటీన్లకు తగిలే చక్కెర గొలుసుల్లో దూరి వాటిని మొండి చేయడం రెండోది. పైపొర మీది ప్రోటీన్లు సరిగా మడత పడాలంటే ఆ గొలుసులు కావాలి. దిగుబడి తగ్గింది దేనివల్ల?

తేల్చుకునే ఉపాయం చవకైనదే. మందుతోపాటు 1 మిల్లీమోలార్ మానోజ్ కలపండి. గ్లైకోసైలేషన్ (ప్రోటీన్లకు చక్కెర గొలుసులు తగలడం) తేరుకుంటుంది, గ్లైకాలిసిస్ మాత్రం అడ్డుపడే ఉంటుంది. లాక్టేటు కొలిచి ఆ మాట నిజమని చూసుకోండి. అప్పుడు వైరస్ తేరుకుంటే మీరు ఇన్నాళ్లూ కొలిచింది చక్కెర గొలుసుల కథ. వైరస్ ప్రోటీన్ బ్లాట్‌లో బ్యాండు కిందికి జారిందేమో కూడా చూడండి, గొలుసు తెగితే బరువు తగ్గుతుంది.

మోతాదు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఇది గ్లూకోజుతో పోటీపడే మందు. 25 మిల్లీమోలార్ గ్లూకోజున్న డీఎంఈఎం మీడియంలో 5 మిల్లీమోలార్ ఇవ్వడం, 5.5 మిల్లీమోలార్ గ్లూకోజులో అంతే ఇవ్వడం ఒకటి కావు. గ్లూకోజు లేని మీడియంలో 10 మిల్లీమోలార్ గెలాక్టోజ్ పెట్టి కూడా అదే ఫలితం వస్తే మీ వాదనకు బలం. సీరంలోనూ గ్లూకోజు ఉంటుంది కాబట్టి డయాలిసిస్ చేసిన సీరమే వాడాలి.

ప్రశ్న: ఎంటీటీ పరీక్షలో వైరస్ సోకిన కణాలు 120 శాతం బతికి ఉన్నట్టు వస్తోంది. ఇదేం వింత? – ల్యాబ్ టెక్నీషియన్

జవాబు: వింతేమీ లేదు. ఎంటీటీ బతికిన కణాలను లెక్కపెట్టదు, జీవక్రియలో తయారయ్యే ఎన్ఏడీహెచ్ లాంటి అణువులతో రంగు ఎంత మారిందో చూస్తుంది. వైరస్ జీవక్రియను ఉరకలెత్తిస్తే తక్కువ కణాలే ఎక్కువ ఊదారంగు ఇస్తాయి. జీవక్రియ మారే ప్రయోగంలో జీవక్రియతోనే తూకం వేయడం అసలుకే ఎసరు. కేంద్రకాలకు హోక్స్ట్ రంగు వేసి లెక్కించండి, లేదా ట్రిపాన్ బ్లూ వాడండి.

కణాల శ్వాసను, అవి వదిలే ఆమ్లాన్ని కొలిచే సీహార్స్ యంత్రంలోనూ ఇదే జాగ్రత్త. బైకార్బనేట్ లేని మీడియంలో, కార్బన్ డయాక్సైడ్ లేని ఇంక్యుబేటర్‌లో గంటసేపు ఉంచాకే కొలవాలి. శ్వాసను గరిష్ఠానికి తెచ్చే ఎఫ్‌సీసీపీ మోతాదును సోకిన కణాలకు విడిగా 0.25 నుంచి 2 మైక్రోమోలార్ వరకు సరిచూసుకోవాలి. ఆమ్లం పెరిగిందంటే అంతా లాక్టేటు అనుకోకండి, శ్వాసలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ కూడా ఆమ్లమే. సోకిన కణాలు కడుగుడులో ఊడిపోతాయి, కాబట్టి తూకం కోసం డీఎన్‌ఏను కొలత అయ్యాక కొలవాలి, ముందు కాదు.

ప్రశ్న: మాస్ స్పెక్ట్రోమెట్రీలో సిట్రేటు పెరిగింది. సిట్రిక్ ఆమ్ల చక్రం వేగం పెరిగిందని రాశాం. సమీక్షకుడు ఒప్పుకోలేదు. – పరిశోధక విద్యార్థి

జవాబు: సమీక్షకుడి పక్షమే మేమూ. చెరువులో మట్టం పెరిగిందంటే వాగు పొంగి ఉండవచ్చు, తూము మూసి ఉండవచ్చు. మట్టం చూసి ప్రవాహం చెప్పలేరు. అందుకు కార్బన్-13 గుర్తుపెట్టిన గ్లూకోజు కావాలి. ఆరు కార్బన్లూ గుర్తున్న గ్లూకోజు పైరువేట్ డీహైడ్రోజనేజ్ దారిలో వెళ్తే సిట్రేటుకు రెండు గుర్తులు, పైరువేట్ కార్బాక్సిలేజ్ దారిలో వెళ్తే మూడు గుర్తులు వస్తాయి. అయిదు కార్బన్లూ గుర్తున్న గ్లుటమిన్ చక్రంలో ముందుకు తిరిగితే నాలుగు, వెనక్కి తిరిగితే అయిదు.

గుర్తు నిండటానికి పట్టే సమయం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. గ్లైకాలిసిస్‌కు నిమిషాలు, చక్రానికి కొన్ని గంటలు, న్యూక్లియోటైడ్లకు ఒక రోజు దాకా. వైరస్ జీవితచక్రమే 12 గంటలైతే న్యూక్లియోటైడ్లు ఎన్నడూ నిలకడకు రావు. అలాంటప్పుడు ఒక్క సమయం కాకుండా అయిదారు సమయాల్లో నమూనాలు తీసి గుర్తు నిండే వేగాన్నే చూడాలి.

ఇక కణాలను ఆపే తీరు. 1929లో కార్ల్ లోమన్, విడిగా సైరస్ ఫిస్క్–యల్లాప్రగడ సుబ్బారావు జంట కండరంలో కనుగొన్న ఏటీపీనే తీసుకోండి, కణంలో అది సెకన్లు, నిమిషాల్లో ఖర్చై మళ్లీ తయారవుతుంది. ట్రిప్సిన్ వేసి అయిదు నిమిషాలు ఆగి, తిప్పి, కడిగితే మీరు కొలిచేది ట్రిప్సిన్‌లో తల్లడిల్లిన కణాన్ని. మీడియంను పీల్చేసిన వెంటనే మైనస్ 80కి చల్లబరచిన 80 శాతం మిథనాల్ 1 మిల్లీలీటరు పోసి, డ్రై ఐస్ మీదే గీకండి. కడగక తప్పదనుకుంటే సెలైన్‌తో పది సెకన్ల లోపు. లెక్కకు పక్కన ఇంకో ప్లేటు పెంచుకోండి. సైటోమెగాలోవైరస్ లాంటివాటిలో కణం ఉబ్బిపోతుంది, దాని పేరే అందుకు వచ్చింది. ప్రోటీనుకు ఇంత అని రాస్తే ఒక బొమ్మ, కణానికి ఇంత అని రాస్తే ఇంకో బొమ్మ. రెండూ ఇవ్వండి.

ప్రశ్న: పిరిమిడిన్ల తయారీని ఆపే మా అణువు డిష్‌లో వైరస్‌ను వెయ్యి రెట్లు తగ్గించింది. ఎలుకల్లో దాదాపు ఏమీ లేదు. మందు అక్కడికి చేరడం లేదా? – ఔషధ పరిశోధకుడు

జవాబు: చేరి కూడా ఓడిపోవచ్చు. పిరిమిడిన్ల తయారీలో పనిచేసే డీహైడ్రోఓరొటేట్ డీహైడ్రోజనేజ్ ఎంజైమును ఆపితే కణం యూరిడిన్ అనే పిరిమిడిన్‌ను కొత్తగా చేసుకోలేదు. డిష్‌లో దానికి ఇంకో దిక్కు లేదు. జంతువు రక్తంలో మాత్రం మైక్రోమోలార్ స్థాయిలో యూరిడిన్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, కణం దాన్ని లోపలికి లాగి సరిపెట్టుకుంటుంది. ముందే డిష్‌లో 5, 10, 100 మైక్రోమోలార్ యూరిడిన్ కలిపి చూసి ఉండాల్సింది. 100 దగ్గర వైరస్ తిరిగి లేస్తే మీ మందు గురి సరైనదే. 5 దగ్గరే లేస్తే ఎలుకల ప్రయోగం ఎలా ముగుస్తుందో చెప్పినట్టే. తిరిగి లేవకపోతే మందు ఇంకెక్కడో తగులుతోంది.

సరుకు ఎండగట్టడం కణానికి తెలియని విద్య కాదు. మాక్రోఫేజ్‌లలో సామ్‌హెచ్‌డీ1 అనే ఎంజైము డీఎన్‌ఏ ఇటుకలను విరగ్గొట్టి హెచ్‌ఐవీకి దొరకనివ్వదు. హెచ్‌ఐవీ-2 దగ్గర దీనికి విరుగుడు ఉంది: వీపీఎక్స్ అనే ప్రోటీను సామ్‌హెచ్‌డీ1ను పట్టి కణం చెత్తబుట్టకే పంపిస్తుంది. హెచ్‌ఐవీ-1కు ఆ ప్రోటీను లేదు. వైపెరిన్ ఇంకాస్త తెలివైనది. ఇంటర్‌ఫెరాన్ పిలుపుతో వచ్చే ఈ ఎంజైము సీటీపీ అనే ఆర్‌ఎన్‌ఏ ఇటుకను కొద్దిగా మార్చి నకిలీ ఇటుక చేస్తుంది. కొన్ని వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ గొలుసులో అది పడితే గొలుసు అక్కడితో ఆగుతుంది. ఇటుకలు దాచేయడం కంటే నకిలీవి కలపడం జంతువు శరీరంలో ఎక్కువ నిలుస్తుందన్నది మా అభిప్రాయం, రక్తం సరఫరా దాన్ని అంత తేలిగ్గా పూడ్చలేదు.

ప్రశ్న: అదే కణాలు, అదే వైరస్, అదే మీడియం. నెల తర్వాత ఫలితం రావడం లేదు. – పరిశోధక విద్యార్థిని

జవాబు: రెండు చూడండి. ఒకటి మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా. మీడియం మబ్బు పట్టదు, మైక్రోస్కోపులో కనిపించదు, కొన్ని జాతులు ఆర్జినైన్‌ను మింగేస్తాయి, వైరస్ స్టాకులోకీ చేరతాయి. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌ను కూడా దాటిపోగలవు. పీసీఆర్ పరీక్షను కణాలకే కాదు, వైరస్ స్టాకుకు కూడా చేయించండి.

రెండోది గ్లుటమిన్. మీడియంలో అది తనంతట తానే విరిగి అమ్మోనియా అవుతుంది. 37 డిగ్రీల దగ్గర వారం పది రోజుల్లో సగం పోతుంది, ఫ్రిజ్‌లో నెమ్మదిగా పోతుంది. సీసా మీద 4 మిల్లీమోలార్ అని ఉన్నా, తెరిచి నెలైతే, పైగా రోజూ నీళ్లతొట్టిలో వెచ్చబెట్టి మళ్లీ ఫ్రిజ్‌లో పెడుతుంటే, లోపల ఎంతుందో ఎవరికీ తెలియదు. గ్లుటమిన్ లేని మీడియం కొని, మైనస్ 20లో దాచిన 200 మిల్లీమోలార్ స్టాకును ప్రయోగం రోజునే 500 మిల్లీలీటర్లకు 10 మిల్లీలీటర్లు కలపండి, దాదాపు 4 మిల్లీమోలార్ అవుతుంది. అలనైల్-గ్లుటమిన్ వాడితే విరగదు కానీ దాన్ని కణం కోసుకుని వాడుకోవాలి, కాబట్టి గ్లుటమిన్ లేమి ప్రయోగాల్లో రెండింటినీ ఒకే కాగితంలో కలిపేయకండి.